ముద్ర మీద ముద్ర

అరలక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. తపాలా ఆఫీసు ఉత్తరాల విభాగంలో గోడ పొడవునా నూట నలభై చెక్క అరలున్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆమె వాటి ముందు నిలబడి ఉత్తరాలు సర్దుతోంది. కవరు చేతికొచ్చిందంటే చూపు చిరునామా మీద, చెయ్యి అర మీద. మధ్యలో ఆలోచన అనే దానికి నిలబడే చోటే లేదు. ఆమె కళ్ళు మూసుకుని విసిరినా ఉత్తరం దాని అరలోనే పడుతుందని ఆఫీసులో చెప్పుకుంటారు. అది ఉత్త కోత. కానీ ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగం ఆమెకు నేర్పిన ధర్మం ఒక్కటే: ఒక ఉత్తరానికి ఒకే అర. రెండరలకు చెందిన ఉత్తరం ఇంతవరకూ పుట్టలేదు, ఇకమీద పుట్టబోదు. ఇంట్లోనూ ఇదే చట్టం. చెంచాలు చెంచాల డబ్బాలో, మేకులు మేకుల సీసాలో ఉండాలి. భర్త ఒకసారి స్క్రూడ్రైవర్‌ని చెంచాల డబ్బాలో పడేసినందుకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన బస్సు డ్రైవరు. నోరు మెదపకుండా ముందుకు చూస్తూ కూర్చోవడం వృత్తిలోనే ఉంది కాబట్టి ఆ రెండు రోజులూ హాయిగానే గడిపాడు.

అలాంటి మనిషిని పట్టుకుని, "అన్ని గొడుగులు పిల్లులు. కొన్ని పిల్లులు తలుపులు" అంటే ఏం చేస్తుంది పాపం?

ఆ గొడుగులూ పిల్లులూ ఆమె జీవితంలోకి రావడానికి కారణం ఒక యంత్రం. ఉత్తరాలు సర్దే యంత్రం వస్తోందని, అరలు పీకేస్తారని, చేత్తో సర్దేవాళ్ళందరినీ ఊరి అవతలి గోడౌనుకు పంపిస్తారని ఆర్డరు వచ్చింది. గోడౌనంటే రెండు బస్సులు మారాలి, తెల్లారకముందే బయల్దేరాలి. అక్కడ ఉత్తరం ముఖం కూడా కనబడదు, అన్నీ కట్టిన మూటలే. ముగ్గురికి మాత్రం ఇక్కడే, యంత్రం దగ్గర ఇన్‌ఛార్జి ఉద్యోగాలున్నాయి. వాటికి పరీక్ష రాయాలి. ఒక్కొక్కరికి మూడే అవకాశాలు. అరలక్క అప్పటికే రెండుసార్లు తప్పింది.

లెక్కల్లో బాగానే వచ్చాయి, నిబంధనల పేపరులో అందరికన్నా ఎక్కువ వచ్చాయి. కొంప ముంచింది లాజికల్ రీజనింగ్. అందులో సిలాజిజం ప్రశ్నలు, అంటే రెండు ప్రకటనలిచ్చి వాటిలోంచి ఏ తీర్మానం వస్తుందని అడిగేవి, పది ఉంటాయి. ఆరైనా సరిగ్గా రాయకపోతే మిగతా పేపర్లు ముట్టుకోనైనా ముట్టుకోరు. మొదటిసారి ఆమెకు రెండొచ్చాయి, రెండోసారి ఒకటి. ఆ ఒక్కటి కూడా పెన్ను జారి తప్పు గడిలో గీత పడినందువల్ల వచ్చిందని ఆమెకు లోలోపల తెలుసు.

ఇది మూడోసారి. గదిలో ఆ అరలు ఉండకపోయినా ఫరవాలేదు, ఆ గదిలో తను ఉండాలి. కిటికీలోంచి పదకొండింటికి పడే ఎండ, వణికే చేతుల రాత, పొగరుబోతు రాత, చిరునామా చివర బోలెడు గుర్తులు పెట్టే పిల్లల రాత, ఇవన్నీ వదిలి వెళ్ళాలంటే ఆమెకు ఏడుపొచ్చేది. వచ్చినప్పుడు ఏడ్చేది కూడా, అయితే స్నానాల గదిలో, నీళ్ళ చప్పుడు మాటున.

దరఖాస్తు ఇచ్చిన రోజు బుధవారం. బుధవారం, శనివారం ఆమెకు పార్సిళ్ళ విభాగంలో పని. ఆరేళ్ళ కిందట అక్కడ ఒకాయన రిటైరైతే ఆ ఖాళీని ఈమెతో పూడ్చారు. ఆ విభాగం పెద్దని అందరూ పార్సిల్ బాబాయి అంటారు. ఆ రోజు ఆమె విభాగం పెద్దగా దరఖాస్తు మీద ఆయనే సంతకం చేశాడు. ఆరేళ్ళుగా ఆయన తనను తమ మనిషి అంటూ ఉంటే, అరలక్క మాత్రం ప్రతిసారీ సరిదిద్దేది. తను ఉత్తరాల మనిషిననీ, ఇక్కడికి ఊరికే వచ్చిపోతున్నాననీ చెప్పేది. ఒక మనిషికి ఒకే అర మరి.

ఇంట్లో ఆమెకు గురువుగా దొరికింది అత్తగారు. అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. నాటకాల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటల్ని గుసగుసగా అందించిన మనిషి. ఇప్పటికీ ఆమె గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుంది. కోడలు గైడు పుస్తకం ముందు తల పట్టుకుని కూర్చోవడం చూసి, కళ్ళజోడు తగిలించుకుని పుస్తకం లాక్కుంది. మొదటి ప్రశ్న చదివేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది.

"ప్రకటనలు. ఒకటి, అన్ని గొడుగులు పిల్లులు. రెండు, కొన్ని పిల్లులు తలుపులు. తీర్మానాలు. ఒకటి, కొన్ని గొడుగులు తలుపులు. రెండు, ఏ గొడుగూ తలుపు కాదు." చదివి పుస్తకం మూసింది. "ఎంత బాగుందే అమ్మాయ్."

"బాగుండటమేంటి అత్తయ్యా? గొడుగు పిల్లెలా అవుతుంది?"

అత్తగారు కోడల్ని జాలిగా చూసింది. నాటకంలో రాజు వేషం వేసేవాడు పగలు సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడని, ఆ సంగతి ముందు వరసలో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసని, అయినా తెర లేచాక వాడు రాజేనని చెప్పింది. తెర పడేదాకా గొడుగు పిల్లే. ప్రశ్న మొదలైందంటే తెర లేచినట్టు, జవాబు రాయగానే పడినట్టు. ఆ మధ్యలో లోకజ్ఞానం గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలెయ్యాలి.

ఇది అరలక్కకు ఎక్కడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు గొడుగుని ఒళ్ళో పడుకోబెట్టుకుని నిమిరింది. పనిలోంచి అలసి వచ్చిన కొడుకుని తలుపుకి ఆనించి నిలబెట్టి, నువ్వు తలుపువైన పిల్లివి, కూయి అంది. ఆయన తల్లి మాట జవదాటడు. మ్యావ్ అన్నాడు. అరలక్క నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ముగ్గురూ కలిసి అంత నవ్వింది ఎప్పుడూ లేదు.

నవ్వు సరే, జవాబో? అక్కడే వచ్చింది చిక్కంతా. అరలక్క ప్రతి ప్రశ్నకీ రెండో తీర్మానమే రాసేది: ఏ గొడుగూ తలుపు కాదు. గొడుగు పిల్లయితే అయింది, ఒప్పుకుంటుంది, నాటకం కదా. కానీ పిల్లి అరలో పడ్డాక అదే గొడుగు మళ్ళీ తలుపు అరలో ఎలా పడుతుంది? అత్తగారేమో ఎప్పుడూ మొదటి తీర్మానమే సరైందనేది. గొడుగు పిల్లయ్యాక, పిల్లి తలుపయ్యాక, గొడుగు తలుపు కాకపోతే కథకు అందమేముంది? కోడలు దేన్నీ దేనితోనూ కలవనివ్వదు, అత్త అన్నిటికీ పెళ్ళిళ్ళు చేసేస్తుంది. ఇద్దరూ కీచులాడుకుని, చివరికి పుస్తకం వెనక జవాబులు చూసేవారు. ఈ గొడుగుల ప్రశ్నకి అక్కడ ఇలా ఉంది: ఒకటి గానీ, రెండు గానీ అనుసరిస్తుంది.

"ఇదేం జవాబు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒక విషయంలో అత్తాకోడళ్ళ మాట కలవడం చూసి బస్సు డ్రైవరు ముక్కున వేలేసుకున్నాడు.

పరీక్ష పది రోజులుందనగా, ఒక బుధవారం, పార్సిళ్ళ విభాగంలో అరలక్క చేతికి ఒక చిన్న పెట్టె వచ్చింది. లోపల మందుసీసా. పగిలే వస్తువు కాబట్టి ఎర్రసిరాతో గుండ్రటి 'జాగ్రత్త' ముద్ర వెయ్యాలి. తొందరగా వెళ్ళాలి కాబట్టి ఊదాసిరాతో గుండ్రటి 'అర్జెంటు' ముద్ర కూడా వెయ్యాలి. పెట్టె చూస్తే అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. ఎర్రముద్ర వేసింది, పక్కన చోటు చాలక ఊదాముద్ర సగం దాని మీదే పడింది. పార్సిల్ బాబాయి చూడనే చూశాడు. ముద్ర మీద ముద్ర వేస్తే రెండూ చదవడానికి రావని, ఆరేళ్ళుగా చెప్తున్నా చెవికెక్కదేమని చిరాకుపడ్డాడు.

అరలక్కకి ఆయన మాటలు వినబడలేదు. రెండు గుండ్రాలూ కలిసిన చోట, ఎరుపూ కాక ఊదా కాక, కోలగా ఒక ఆకంత జాగా ఏర్పడింది. ఈ పెట్టె జాగ్రత్తా, అర్జెంటూ కూడా. రెండరల వస్తువు. ఇలాంటివి ఆరేళ్ళుగా వారానికి వంద తన చేతుల మీదుగానే పోయాయి. ఒక్కదాన్నీ ఆమె చూడలేదు. చూడలేదంటే కళ్ళతో చూసింది, కానీ తను ఉత్తరాల మనిషి కదా, ఇక్కడికి బుర్రని తెచ్చుకునేది కాదు.

చిత్తుకాగితాలు ముందేసుకుని కూర్చుంది. పెద్ద ముద్ర లోపల చిన్న రశీదు ముద్ర వేసింది. అన్ని గొడుగులు పిల్లులు. రెండు ముద్రలు దూరందూరంగా వేసింది. ఏ పిల్లీ కుర్చీ కాదు. ఒకదాని మీద ఇంకోటి సగం పడేలా వేసింది. కొన్ని పిల్లులు తలుపులు. ఇప్పుడు ఆ తలుపు ముద్ర లోపలున్న గొడుగుకి తగులుతుందా, తగలదా? తగిలేలా ఒకటి వేసింది. తగలకుండా ఇంకోటి వేసింది. రెండు చోట్లా ప్రకటనలు చెక్కుచెదరలేదు. అంటే ప్రకటనలు ఆ సంగతి చెప్పడం లేదు. తగలొచ్చు, తగలకపోవచ్చు, ఏదో ఒకటి మాత్రం ఖాయం. పుస్తకం వెనక ఉన్న జవాబు అదే.

"బాబాయ్, ఈ కాగితాలు నేను పట్టుకుపోతా" అంది.

పార్సిల్ బాబాయి ఆమె ముఖం చూసి, ఏ లాటరీయో తగిలిందనుకున్నాడు. "ఆ చిత్తుకాగితాలా? పట్టుకుపో తల్లీ."

ఆ సాయంత్రం ఇంట్లో పండగే. అరలక్క కాగితాలు నేల మీద పరిచి అత్తగారికి పాఠం చెప్పింది. గురువు శిష్యురాలైంది. ముద్ర ఇంకోలా కూడా పడగలదా అని ప్రతిసారీ అడగాలని, పడగలిగితే ఆ తీర్మానాన్ని నమ్మకూడదని చెప్తే, అత్తగారు చాలాసేపు గింజుకుంది. ముప్ఫై ఏళ్ళు ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా అందించిన మనిషి, కథ ఇంకోలా జరగొచ్చంటే అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? వారం పట్టింది. ఆ వారంలో ఇద్దరూ కలిసి నాలుగు వందల ప్రశ్నలు నమిలేశారు. కూరగాయల సంచి మీద, కరెంటు బిల్లు వెనక, బస్సు డ్రైవరు డ్యూటీ చీటీ మీద కూడా గుండ్రాలే. ఆ చీటీ చూసి డిపోలో ఇది కొత్త రూటా అని అడిగారట.

పరీక్ష హాల్లోకి ముద్రలు తీసుకెళ్ళనివ్వరు. అరలక్క పెన్నుతోనే గీసింది. గుండ్రాలు బంగాళాదుంపల్లా వచ్చాయి. అన్ని దువ్వెనలు నక్షత్రాలట, ఏ నక్షత్రమూ చెంచా కాదట. కానీలే, తెర లేచింది అనుకుంది. చెవి పక్కన ఎవరో గుసగుసగా మాటలు అందిస్తున్నట్టే ఉంది. ఏడు ప్రశ్నలు ధైర్యంగా రాసింది, ఒకటి అనుమానంగా, రెండు దేవుడి మీద భారం వేసి. బయటికొచ్చాక కాళ్ళు నేల మీద ఆనలేదు. పరీక్ష బాగా రాశానన్న సంతోషం ఎలా ఉంటుందో ఆమెకు నలభై ఏడో ఏట తెలిసింది.

ఫలితాలు గురువారం వచ్చాయి. అరలక్కకు ఆ రోజు సెలవు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. తపాలా ఆఫీసు స్టాపులో బస్సెక్కిన వాళ్ళెవరో చెప్పుకుంటుంటే విన్నాడట. బోర్డు మీద జాబితా పెట్టారట. ఎంపికైన ముగ్గురూ పార్సిల్ విభాగం వాళ్ళేనట.

అరలక్క వడ్డించిన పళ్ళెం మీద మూత పెట్టింది. పెద్ద టిఫిన్ క్యారియర్ అటక మీంచి దింపి కడగడం మొదలుపెట్టింది. గోడౌనుకి పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నానిదీ సాయంత్రానిదీ కలిపి పట్టుకెళ్ళాలి కదా. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారి గిన్నెలో పడుతున్నాయి, ఈసారి స్నానాల గదిలోకి వెళ్ళేంత ఓపిక కూడా లేదు.

అత్తగారు కుర్చీలోంచి లేచి వచ్చి కొళాయి కట్టేసింది.

"ప్రకటనలు చెప్పు" అంది.

"ఇప్పుడా అత్తయ్యా?"

"చెప్పవే. మొదటిది."

"ఎంపికైన వాళ్ళంతా పార్సిల్ వాళ్ళు."

"రెండోది."

"నేను ఉత్తరాల మనిషిని."

"ఉత్తరాల వాళ్ళెవరూ పార్సిల్ వాళ్ళు కారని ఏ ప్రకటనలో ఉంది?"

అత్తగారు కోడలి కుడిచెయ్యి పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చి, బొటనవేలు చూపించింది. గోరు సందులో ఎర్రసిరా, దాని పక్కనే ఊదాసిరా. నిన్న బుధవారం, పార్సిళ్ళ రోజు. ఎంత సబ్బు రుద్దినా పోని రెండు రంగులు ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాయి.

"నువ్వు వేసిన ముద్రలు నీకే కనబడవేంటే" అంది అత్తగారు.

అరలక్క వేలి వంక చూసింది. నూట నలభై అరల గోడ ఒకటి కళ్ళముందు కదిలింది. అందులో ఒక అరలో తనను తనే పెట్టుకుని, ఇరవై రెండేళ్ళుగా బయటికి రాకుండా కూర్చుంది. దరఖాస్తు మీద సంతకం ఎవరిది? పార్సిల్ బాబాయిది.

"అయితే నేను పాసయ్యానా?" గొంతు సగం పైకి లేచింది.

అత్తగారి సంగతి తెలుసు కదా, ప్రతి కథకీ మంచి ముగింపు రాసేసే మనిషి. అయ్యావనే మాట నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. కానీ తల అడ్డంగా ఊపింది. "అదీ తేలదు. పార్సిల్ వాళ్ళందరూ ఎంపికయ్యారని ఎవరూ అనలేదుగా. పాసయ్యావు, ఒకటి. కాలేదు, రెండు. ఏదో ఒకటి." తర్వాత కొడుకు వైపు తిరిగి, నీ బస్సు ఎన్నింటికి అని అడిగింది.

బస్సు రెండింటికి. భోజనం అక్కడే వదిలేసి ముగ్గురూ స్టాండుకి వెళ్ళారు. దారిపొడవునా అత్తగారు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, పక్కనున్న ముసలాయనకి గొడుగుల, పిల్లుల సంగతంతా చెప్పింది. ఆయన దిగాల్సిన చోట దిగకుండా జవాబు కోసం మరో రెండు స్టాపులు వచ్చాడు. అరలక్క కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. గుండె దడదడలాడుతోంది. విచిత్రమేమిటంటే ఆ దడ ఆమెకు బాగుంది. ఇంట్లో గిన్నె కడుగుతున్నప్పుడు అంతా అయిపోయింది. ఇప్పుడు ఏదీ అయిపోలేదు.

నోటీసు బోర్డు దగ్గర పార్సిల్ బాబాయి నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే నోరు తెరవబోయాడు. అరలక్క చెయ్యెత్తి ఆపింది, తనే చూసుకుంటానంది. జాబితాలో మూడు వరసలే. మొదటి నంబరు ఆమెది కాదు. రెండోదీ కాదు. మూడోది అరవై ఒకటి. హాల్ టికెట్ తీసి చూసుకుంది, నంబరు నోటికొచ్చినా సరే. అరవై ఒకటే. దాని ఎదురుగా విభాగం: పార్సిళ్ళు.

"పొద్దున్నుంచీ చూస్తున్నా నీ కోసం" అన్నాడు పార్సిల్ బాబాయి. "ముగ్గురూ మా వాళ్ళేనని బస్టాపులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను."

ఆరేళ్ళలో మొదటిసారి ఆమె ఆయన మాటని సరిదిద్దలేదు. ఏనుగెక్కినట్టుంది. అత్తగారిని ఆ జనంలోనే గట్టిగా కావలించుకుంది, బయట ఆపిన బస్సులోంచి భర్త హారను మోగిస్తూనే ఉన్నాడు. ప్రయాణికులు ఎందుకని అడిగితే, మా ఆవిడ అని మాత్రం చెప్పాడట.

చేరిక ఫారం అప్పుడే ఇచ్చారు. అందులో 'విభాగం' అని ఒక గడి, ఆ గడిలో ఆ విభాగం గుండ్రటి ముద్ర ఉండాలి. అరలక్క పార్సిళ్ళ గదికి వెళ్ళి ఆ విభాగం ఎర్రముద్ర వేయించుకుంది. అక్కడినుంచి ఉత్తరాల గదికి వెళ్ళింది. అరలు ఇంకా పీకలేదు, ఎండ కిటికీ దాటిపోయింది. ఎవరినీ అడక్కుండా బల్ల మీదున్న ఉత్తరాల విభాగం ఊదాముద్ర తీసుకుని, సిరాలో అద్ది, అదే గడిలో, ఎర్రముద్ర మీద సగం పడేలా గట్టిగా నొక్కింది.

ఫారం తీసుకున్న గుమస్తా కళ్ళజోడు సవరించుకున్నాడు. "గడికి ఒకటే ముద్ర ఉండాలమ్మా. వీటిలో మీది ఏది?"

అరలక్క వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు తలుపు పక్కన నిలబడి, అలవాటు కొద్దీ మాట అందించడానికి ముందుకు వంగింది. అందించాల్సిన పని లేకపోయింది.

"రెండూ నావే" అంది అరలక్క.